పడవ ముక్కు మీద ఇత్తడి ప్లేటు

నీళ్లకు హద్దు పెట్టినవాడు, ఆ నీళ్ల మీద మనిషికి దారి ఇచ్చినవాడు అయిన దేవునికి ముందుగా స్తోత్రం. నా చేతులకు పని నేర్పినందుకు, ముప్పై నాలుగేళ్లు రెజిన్ల మధ్య, కటింగ్ మిషన్ల మధ్య ఆ చేతుల్ని కాపాడినందుకు, ఈ వయసులో నిజం చెప్పడానికి నా నోరు తెరిపించినందుకు ఆయన నామానికి మహిమ కలుగును గాక. ఇక్కడ రాసేవాటిలో పనికొచ్చేది ఏదైనా ఉంటే అది ఆయన ఇచ్చింది. తప్పులు మాత్రం నావి.

నా పేరు దేవదానం. నాచారంలో ఉంటాను. మల్లాపూర్‌లో ఫైబర్ పడవలు తయారుచేసే షెడ్డులో హెల్పర్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. హైదరాబాదులో పడవల పనేమిటని అందరూ నవ్వుతారు. సముద్రం పక్కన ఉన్నవాళ్లకు పడవ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. మా దగ్గరికి వచ్చేవాళ్లు వేరు. రిజర్వాయర్ల దగ్గరి మత్స్య సొసైటీలు, రిసార్టుల వాళ్లు, చెరువుల్లో గుర్రపుడెక్క తీసే కాంట్రాక్టర్లు. పదిమందిలో తొమ్మిదిమంది జీవితంలో మొదటిసారి పడవ కొన్నవాళ్లే. వాళ్లకు పడవ అమ్మడం తేలిక. దాన్ని ఎలా చూసుకోవాలో నేర్పడమే మా అసలు పని.

షెడ్డులో కొత్తగా చేరినవాళ్లు రాసిమ్మని అడిగారు కాబట్టి రాస్తున్నాను. పడవ కొన్నవాళ్లు కూడా చదివితే మంచిది.

సత్యం గారి ట్యాంకు

మా షెడ్డు యజమాని సత్యం గారు కాకినాడ వైపు మనిషి. షెడ్డు వెనక సిమెంటు ట్యాంకు కట్టించాడు. తయారైన ప్రతి పడవనూ అందులో దించి, ఇసుక బస్తాలు వేసి, ఒక రోజంతా ఉంచేవాడు. మరునాడు బస్తాలు తీసి, అడుగున చెయ్యి పెట్టి తడి చూసి, అప్పుడే గేటు దాటనిచ్చేవాడు.

ఒకసారి ఒక సొసైటీ ప్రెసిడెంటు లారీ తెచ్చుకుని గేటు దగ్గర గొడవపెట్టాడు.

"ముహూర్తం దాటిపోతది సార్. పంతులు అక్కడ కట్ట మీద కూసున్నడు."

"కూర్చోనివ్వండి. మీ ముహూర్తం సంగతి నీళ్లకి తెలియదండీ."

"ఒక్క రోజుల ఏమైతది సార్?"

"ఏమీ కాకపోతే రేపు పట్టుకెళ్దురు గాని. ఏదైనా అయితే మాత్రం నాకు చెప్పడానికి మీరుండరు."

ఆయన దగ్గర నేర్చుకున్నదానికి రుణపడి ఉన్నాను. కానీ ఆయనలో ఒక లోపం చెప్పాలి. ఎందుకు అని అడిగితే తిట్టేవాడు. ట్యాంకులో ఎందుకు పెట్టాలి, పడవను తేల్చే గాలి గదికి రంధ్రం ఎందుకు వేయకూడదు అని ఏనాడూ విడమరచి చెప్పలేదు. మేం నీళ్లకు భయపడి కాదు, ఆయనకు భయపడి జాగ్రత్తగా ఉన్నాం. ఆయన పోయాక ఆ భయం పోయింది. దాంతో పాటు ఇంకేం పోయిందో చాలా ఆలస్యంగా తెలిసింది. మీరు ఎవరికైనా పని నేర్పేటప్పుడు కారణం కూడా చెప్పండి.

కవరు తీయని జాకెట్లు

మొదటిసారి పడవ కొన్నవాళ్లు చేసే తప్పులు దాదాపు ఒక్కలాగే ఉంటాయి. వాటికి కారణం నిర్లక్ష్యం అనుకుంటే పొరపాటు. ఎక్కువ ప్రేమ వల్ల చేస్తారు.

ఒక సొసైటీకి ఆరు నెలల తర్వాత చూడటానికి వెళ్తే లైఫ్ జాకెట్లు పదీ ప్లాస్టిక్ కవర్లలోనే ఉన్నాయి. పైగా పదింటినీ కలిపి తాడుతో మూట కట్టి పడవ మూలన పెట్టారు. ఎందుకయ్యా అంటే, "కవరు తీస్తే మాస్తయి గద సార్" అన్నారు. జాకెట్టు మాయాలి. చెమట వాసన రావాలి. ఎవరి జాకెట్టు ఎవరిదో బిగించిన పట్టీని చూసి తెలియాలి.

ఇంకొకాయన రిసార్టు పెట్టాడు. పడవ వెనక అడుగున ఒక బిరడా ఉంటుంది. లోపలి నీళ్లు కారిపోవడానికి పడవ గట్టు మీద ఉన్నప్పుడు దాన్ని తీస్తాం. ఆయన ప్రారంభోత్సవం రోజు పడవను షాంపూ పెట్టి కడిగించి, బిరడా తీసి నీళ్లు వదిలేసి, పూలదండలు వేయించి, చుట్టాలను ఎక్కించుకుని బయల్దేరాడు. పది గజాలు పోయేసరికి లోపల చీలమండల దాకా నీళ్లు. "పంపు తేండ్రి, పంపు!" అని అరుస్తున్నాడు. గట్టు మీద నిలబడ్డ మా షెడ్డు మనిషి యాదగిరి నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచాడు:

"సార్, జేబుల సూస్కోండ్రి!"

బిరడా ఆయన చొక్కా జేబులోనే ఉంది.

బిరడాను సన్న తాడుతో తెడ్డుకో, ఇంజను తాళానికో కట్టండి. అది చేతికి తగలకుండా పడవ కదలకూడదు.

యాదగిరి చెయ్యి

యాదగిరి గురించి చెప్పాలి. చేపలు పట్టే ఇంట్లో పుట్టాడు. నాకన్నా ఎనిమిదేళ్లు చిన్న. చదువు లేదు. మా మతం వాడు కాదు. పడవ గురించి సత్యం గారి దగ్గర నేర్చుకున్నది ఎంతో, యాదగిరి దగ్గర నేర్చుకున్నది అంత.

పడవ ఎక్కేముందు అతను దాని చుట్టూ ఒకసారి తిరిగేవాడు. ముక్కు నుంచి వెనక దాకా వేలి కణుపులతో తట్టుకుంటూ పోయేవాడు. పుచ్చకాయ కొనేవాళ్లు తట్టినట్టే. లోపల గాలి ఉంటే ఒక చప్పుడు, నీళ్లు ఉంటే ఒక చప్పుడు. తర్వాత ముక్కు పట్టుకుని జానెడు ఎత్తి బరువు చూసేవాడు. అప్పుడు బిరడా. అప్పుడు తెడ్లు, తాడు, చేద. ఇంజను ఉంటే అన్నిటికన్నా చివర దాని సంగతి.

"ఇంజను ఆగితే తెడ్డు ఉంటది అన్న. పడవ మునిగినంక ఇంజను నడుస్తె ఏంది, నడవకుంటె ఏంది?" అనేవాడు.

ఇంత చూడటానికి అతనికి పట్టేది పావుగంట లోపే.

సంఘం పడవ

నాలుగేళ్ల కిందట ఒక వానాకాలం, ఉప్పల్ పక్క పల్లపు కాలనీలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. మా చర్చి సంఘం కుటుంబాలు పదకొండు అక్కడ ఉన్నాయి. ప్రాణాలు దక్కాయి గానీ రెండు రోజులు మిద్దెల మీద గడిపారు. తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక మార్తమ్మ అక్క చెయ్యెత్తింది. మా సంఘంలో సగం మందికి సండేస్కూల్లో వాక్యం నేర్పిన మనిషి ఆమె. డెబ్బై దాటాయి. మోకాళ్లు అరిగిపోయి లేచి నిలబడలేదు, గుండెకు మాత్రలు మింగేది. ఆ కాలనీలోనే కింది పోర్షనులో చెల్లెలు రూతమ్మతో ఉండేది. ఇద్దరూ విధవలు.

"దేవదానం తమ్ముడు ఊరందరికి పడవలు కడ్తడు. మనకెందుకు కట్టడు?" అంది అక్క.

అందరూ నవ్వారు. వెనక నుంచి ఎవరో, "చర్చిల పడవ పెట్టుకొని ఏం జేస్తమక్కా, బాప్తిస్మాలిస్తమా?" అన్నారు.

"నీ ఇంట్లకు నీళ్లొచ్చిన్నాడు నిన్ను ఎక్కించుకోను పో."

అలా మొదలైంది. సంఘం సామాను సమకూర్చింది. నేను, యాదగిరి డ్యూటీ అయ్యాక కూర్చుని పన్నెండు అడుగుల పడవ కట్టాం. ఇంజను లేదు, రెండు తెడ్లు. ముక్కులో మూసేసిన గాలి గది. పడవలోకి నీళ్లు వచ్చినా ముందు భాగాన్ని తేల్చి ఉంచేది ఆ గదే. దాని పేరు కృప అని పాస్టర్ గారు పెట్టారు.

శనివారం ట్యాంకులో దించాలి. ట్యాంకులో వేరే పడవ ఉంది. ప్రతిష్ఠ ప్రార్థన ఆదివారమని అందరికీ చెప్పేశాం. ఏ కొనుగోలుదారుడికీ ఇవ్వని మినహాయింపు నా దేవుని మందిరానికి నేనే ఇచ్చుకున్నాను. సోమవారం చూద్దాంలే అనుకున్నాను.

ఆదివారం పొద్దున మార్తమ్మ అక్క గుడ్డలో చుట్టి ఒక ఇత్తడి ప్లేటు తెచ్చింది. దాని మీద బైబిలు వాక్యం, కింద పడవ పేరు చెక్కించింది. "ముంగట బిగియ్యి తమ్ముడూ, రోడ్డు మీద పోయేటోళ్లకు కనవడాలె" అంది. ముక్కు మీద, సరిగ్గా గాలి గది కప్పు మీద, నాలుగు రంధ్రాలు వేసి స్క్రూలు బిగించాను. రంధ్రాలకు పూసే సిలికాన్ మల్లాపూర్ షెడ్డులో ఉంది. పాట మొదలైపోయింది. అదీ సోమవారమే అనుకున్నాను.

ప్రతిష్ఠ జరిగింది. కన్నీళ్లతో ప్రార్థన చేశాం. నేనే ముగింపు ప్రార్థన చేశాను.

సోమవారం యాదగిరి అన్నాడు, "అన్న, ఒక్కసారి చెరువుల దించి సూద్దం."

"ప్రతిష్ఠ అయినంక దాన్ని మురికి చెరువుల దించుతమా యాదగిరీ?"

"గట్లయితె మురికి నీళ్లొచ్చిన్నాడు ఏం జేస్తవ్ అన్న?"

అప్పటికే ఆ పడవ మాకు వస్తువుగా కనిపించడం మానేసింది. చర్చి ఆవరణలో రేకుల కింద పెట్టాం, ముక్కు రోడ్డు వైపు. దాని దగ్గరికి చెప్పులు విడిచి వెళ్లేవాళ్లు. అందులో ఎక్కిన ఒక పిల్లవాణ్ని నేనే గద్దించి దింపాను. స్క్రూలు తీసి సిలికాన్ పూయాలంటే వాక్యం ఉన్న ప్లేటు మీద చెయ్యి వేయాలి. మనసొప్పలేదు. రేకుల అంచు నుంచి కారే వాన నీరు సరిగ్గా ఆ ప్లేటు మీదే పడుతోందని నాకు తెలుసు. ప్లేటు కడిగినట్టుందని సంతోషించాను కూడా.

అరగంట

తర్వాతి ఏడాది వానాకాలంలో ఒక పొద్దున ఫోను వచ్చింది.

"తమ్ముడూ, ఇంట్ల మోకాళ్ల దాక వొచ్చినయ్" అంది మార్తమ్మ అక్క. "పైనింటోళ్లు నన్ను కుర్సీల కూసోబెట్టి మీదికి ఎత్తుకపోతమంటున్నరు. పోవాల్నా?"

ఆ ఇంటి మెట్లు బయటి వైపు ఉంటాయి, పిట్టగోడ లేదు. నాకు ఆ మెట్లే కళ్లముందు కనిపించాయి.

"వద్దక్కా, జారి పడ్తరు. కదలకుండ్రి. అరగంటల పడవ తెస్తున్న."

ఫోను పెట్టేసే లోపు ఆమె వాళ్లతో అనడం వినిపించింది: "వద్దు బిడ్డా, మీరు పోండ్రి. మా పడవ వస్తున్నది."

యాదగిరిని పిలిచాను. ట్రాలీ ఆటో తెచ్చాం. సంఘం మగవాళ్లు నలుగురు పడవ ఎత్తబోయారు. ముక్కు లేవలేదు. యాదగిరి వాళ్లను ఆగమని, ముక్కు మీద వేలి కణుపులతో తట్టాడు. మళ్లీ తట్టాడు. నా ముఖం చూశాడు.

"నీళ్లున్నయ్ అన్న. గది నిండ నీళ్లున్నయ్."

"ఇట్లనే పోదాం. ఆడ అక్క ఎదురుసూస్తున్నది."

"ఇట్లనే దించితె నాలా పారే కాడ ముక్కు నీళ్లల్లకు కుంగుతది. అక్కను ఎక్కించి ముంచుతమా?"

అతను చెప్పింది నిజం. నేను ఫోర్‌మన్‌ను, అది నిజమని నాకు అందరికన్నా బాగా తెలుసు. గదికి అడుగున రంధ్రం వేసి నీళ్లు వదలాలి. కరెంటు లేదు, డ్రిల్లింగ్ మిషను పనిచేయదు. ఉలి, సుత్తి కోసం పక్క గల్లీలో వడ్రంగిని లేపాం. కొట్టాం. నీళ్లు సన్నగా కారుతున్నాయి, ఎంతసేపటికీ ఆగవు. రంధ్రం ఇంకా పెద్దది చేస్తే మళ్లీ మూయలేం. పాస్టర్ గారు వానలో మోకాళ్లూని ప్రార్థన చేస్తున్నారు. నేను ఆ ధారను చూస్తూ నిలబడ్డాను. చివరికి చెక్క మేకు దిగ్గొట్టి, చుట్టూ ఎం-సీల్ పెట్టి, ముక్కు మీది ప్లేటు ఊడబీకి ఆ రంధ్రాలూ మూసి బయల్దేరేసరికి గంట దాటింది.

ఈలోగా రెండుసార్లు ఫోను మోగింది. మొదటిసారి ఎత్తి, వస్తున్నామన్నాను. రెండోసారి ఎత్తలేదు.

మేం పడవ దించేసరికి ఆ గల్లీలో నీళ్లు ఛాతీ దాకా ఉన్నాయి. మెట్ల వైపు వరద ఉధృతంగా పోతోంది, పైవాళ్లు దిగలేక అరుస్తున్నారు. కిటికీలోంచి రూతమ్మ కనిపించింది. మంచం మీద బల్ల, బల్ల మీద అక్క. రూతమ్మ నడుము దాకా నీళ్లలో నిలబడి అక్కను రెండు చేతులతో పట్టుకుని ఉంది. అక్క తల చెల్లెలి భుజం మీద ఉంది. మేం చేరడానికి పావుగంట ముందే ప్రాణం పోయిందని తర్వాత డాక్టరు అన్నాడు. చలికి, భయానికి గుండె ఆగిపోయిందట.

కృప మొదటి ప్రయాణంలో ఎక్కించుకున్నది మార్తమ్మ అక్క శవాన్ని. పడవ బాగానే తేలింది.

సమాధి దగ్గర నేను చెప్పిన మాట

సమాధి కార్యక్రమంలో సంఘపెద్దగా నేను రెండు మాటలు మాట్లాడాలి. "దారిలో నీళ్లు, ట్రాఫిక్కు, ఎంత ప్రయత్నించినా చేరలేకపోయాం" అన్నాను. "ఆయన పిలిచిన సమయం అది. దేవుని చిత్తం" అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు. పడవలో నీళ్లున్న సంగతి తెలిసిన ఏడెనిమిది మంది కూడా తలలు దించుకుని ఆమేన్ అన్నారు. ఆమె ఇచ్చిన కానుకే ఆమె చావుకు కారణమైందని ఎలా చెప్పాలి అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అది దయ కాదు, పిరికితనం.

మనిషి పుట్టుక, చావు దేవుని చేతిలోనే ఉన్నాయని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. కానీ ఆ నాలుగు రంధ్రాలు వేసింది ఆయన కాదు. నా తప్పు మీద ఆయన పేరు కప్పాను. నా పనిలో చేసిన తప్పులన్నిటిలోకి అదే పెద్దది.

ఏడు నెలలు గడిచాయి. రూతమ్మ ఆరాధనకు రావడం మానేసింది. చిక్కిపోయిందని అందరూ అనుకున్నారు. ఒక మధ్యాహ్నం యాదగిరి నాతో, "అన్న, ఆయమ్మ మొన్న బజార్ల కలిసింది. అక్కను నేనే సంపిన అంటున్నది" అన్నాడు. వెంటనే వెళ్లాను.

రూతమ్మ తలుపు తీసి, "వందనాలన్నా" అని కుర్చీ వేసింది. నీళ్లిచ్చింది. నేను గ్లాసు పట్టుకుని మొత్తం చెప్పాను. ట్యాంకులో దించకపోవడం, ప్లేటు, సిలికాన్, గంటసేపు కారిన నీళ్లు, ఎత్తని ఫోను.

అంతా విని ఆమె అంది: "పైనింటోళ్లు రెండోసారి గూడ వొచ్చిన్రన్నా. అప్పటికి తొడల దాక ఉన్నయ్. నేను అక్కను పొమ్మన్న. అక్క పోనన్నది. గట్టిగ పట్టి పంపకపోతిని, నేనే సంపుకుంటిని అని ఏడు నెలల సంది నిద్ర లేదు నాకు."

"నీ తప్పేం లేదమ్మా. నేను కదలొద్దన్న."

"ఆ మాట ఆనాడే జెప్పకపోతివి."

ఆమె నా చేతిలోని గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది.

"ఆఖరికి ఏమన్నదో ఎరుకనా? 'దేవదానం లేటయితె తిట్టకే, పాపం వానల తడుసుకుంట వస్తున్నడు' అన్నది."

ఆమె అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర, "క్షమించిన్నని నోటితోటి అంటనన్నా. లోపలికెల్లి ఇంక రాలే. వొచ్చేదాంక అబద్ధమాడను" అంది. నేను ఆడిన అబద్ధం తర్వాత ఆ నిజాయితీ నాకు శిక్షలాగా, మందులాగా కూడా అనిపించింది. తర్వాతి ఆదివారం సంఘం ముందు నిలబడి అంతా చెప్పి, పెద్దరికం వదులుకున్నాను.

పడవ కొన్నవాళ్లకు

ఇప్పుడు సంఘం పడవ ప్రతి నెల మొదటి శనివారం నీళ్లలో దిగుతుంది. చెప్పులతోనే ఎక్కుతాం. యాదగిరి దగ్గరుండి తట్టి చూపిస్తాడు. సంఘంలో ఆడవాళ్లకు కూడా తెడ్డు వేయడం వచ్చు.

మీరు కొన్నా, కట్టినా నేను చెప్పేది ఇదే. పూజ చేయించండి, ప్రార్థన చేయించండి, దండ వేయండి. దేవుణ్ని తలచుకోకుండా నీళ్ల మీదికి పోవద్దనే నేనూ అంటాను. కానీ పరీక్ష ముందు, ప్రార్థన తర్వాత. గాలి గదికి ఎంత అందమైన వస్తువు కోసమైనా రంధ్రం వేయకండి. వేయక తప్పకపోతే ఆ గంటలోనే మూయండి. పడవను బోర్లించి, రేకుల అంచుకు దూరంగా పెట్టండి. ఎండ ఉన్న రోజు ఎత్తి చూడండి, తట్టి వినండి. ఆపద వచ్చిన రోజు పడవను పరీక్షించడానికి ఆ పావుగంట దొరకదు. దొరికినా అది ఇంకొకరి ప్రాణంలోంచి తీసుకున్న పావుగంట అవుతుంది.

ఇంకొక్కటి. మా దగ్గర పడవ లేకపోయి ఉంటే మార్తమ్మ అక్క ఆ పొద్దున కుర్చీలో కూర్చుని పైకి వెళ్లేది. పడవ ఉందని నమ్మి ఆగింది. మీ పడవ సిద్ధంగా లేకపోతే లేదని చెప్పండి. సిగ్గుపడకండి.

రూతమ్మ మళ్లీ ఆరాధనకు వస్తోంది. వెనక వరసలో కూర్చుంటుంది, పాట పాడదు. ఆమె కోసం నాతో కలిసి ప్రార్థించండి. మీరు ఎవరిని ఏ పేరుతో పిలిచి మొక్కినా సరే, ఒక్క నిమిషం తల వంచండి. తండ్రీ, నీ కూతురు రూతమ్మ మీద నేను వేసిన బరువు తీసెయ్యి. నన్ను క్షమించమని ఆమెను తొందరపెట్టకు, ఆమెకు నిద్ర ఇవ్వు. ఈ రోజు ఎక్కడో ఎవరో మా మాట నమ్మి కదలకుండా కూర్చుని ఉన్నారు. వాళ్ల దగ్గరికి మమ్మల్ని వేళకు చేర్చు. మీ మాట నమ్మి కూర్చున్న మనిషి పేరు ఇక్కడ చేర్చి, అప్పుడు ఆమేన్ అనండి.